సీరియల్ అనే మాట

డిసెంబర్ 1, 2024, ఆదివారం

నలభై ఐదేళ్ల కిందట ప్రేమ్‌చంద్ నాకొక మాట ఇచ్చాడు. మా అరుగు మీద కూర్చొని, చేతిలో చెయ్యి వేసి ఇచ్చాడు. “పోతే ఇద్దరం పోదాం సామేలూ. లేకుంటే ఇద్దరం వద్దు.” ఆదిలాబాద్‌లో లైన్‌మన్ ఉద్యోగాల ఇంటర్వ్యూ. ఆ రోజు చంకలో సర్టిఫికెట్ల సంచితో మొదటి బస్సుకే బోథ్ బస్టాండులో నిలబడ్డాను. మొదటి బస్సు పోయింది. రెండోది పోయింది. ప్రేమ్‌చంద్ ముందురోజు సాయంత్రమే ఒక్కడే వెళ్లాడని మూడో బస్సు కండక్టర్ చెప్పాడు. నేను ఇంటికి తిరిగొచ్చాను. ‘లేకుంటే ఇద్దరం వద్దు’ అన్న మాటకు నేనొక్కణ్ణే కట్టుబడ్డాను.

అతనికి ఉద్యోగం వచ్చింది. నాకు లైట్ల దుకాణం వచ్చింది.

ఎందుకు ఒక్కడే పోయాడో ఇన్నేళ్లలో నేను అడగలేదు, అతను చెప్పలేదు. ఒకే వాడలో ఉన్నాం. ఒకే చర్చికి పోతాం.

ఇవాళ చర్చిలో అతనికి శాలువా కప్పారు. సంఘానికి నలభై ఏళ్ల సేవ చేశాడట. సంఘం కార్యదర్శి అంతయ్య మైకు పట్టుకొని “మన వాడకు ఎలుగు తెచ్చినోడు” అన్నాడు. ఊళ్లో ప్రతి పెళ్లి పందిరికీ, ప్రతి వినాయకుడికీ, మన క్రిస్మస్‌కూ సీరియల్ లైట్ల సెట్లు కట్టింది ఎవరు? ఒక ఏడు నా సెట్లు కొండగట్టు దాకా వెళ్లాయి. స్తంభం ఎక్కి ఫ్యూజు వేసినవాడికి శాలువా. కింద కూర్చొని బల్బుకు బల్బు ముడివేసినవాడు చప్పట్లు కొట్టాలి.

కొట్టలేదు. ఆడవాళ్ల వరుసలోంచి సంతోషమ్మ చూసింది. నలభై ఎనిమిదేళ్ల కాపురం, ఆ చూపుకు అర్థం నాకు తెలుసు. అయినా కొట్టలేదు.

డిసెంబర్ 8, ఆదివారం

హెప్సిబా కరీంనగర్ నుంచి కొత్త సరుకు తెచ్చి చూపించింది. ప్రేమ్‌చంద్ కూతురు. తండ్రి పని నేర్చుకోలేదు, నా పని నేర్చుకుంది. ఈ లోకంలో నాకు జరిగిన ఒకే ఒక న్యాయం అది. పదేళ్ల పిల్లప్పుడు బడి నుంచి నేరుగా నా దుకాణానికి వచ్చి స్టూలు మీద కూర్చునేది. ఇప్పుడు నలభై దాటింది. భర్త దుబాయ్‌లో ఉంటాడు. తను పందిళ్లకు లైట్లు కడుతుంది. ఆడమనిషి నిచ్చెన ఎక్కుతుందని మొదట్లో నవ్వినవాళ్లే ఇప్పుడు పెళ్లి తేదీ పెట్టుకునే ముందు ఆమెకు వీలవుతుందా అని అడుగుతున్నారు.

నేను నేర్పిన మొదటి పాఠం ఇది. ఆరు వోల్టుల చిన్న బల్బులు నలభై తీసుకొని ఒకదాని తోకకు ఒకటి కట్టాలి. ఇంటి కరెంటును నలభై మంది పంచుకుంటారు. ఇంకో పది కలిపితే అందరికీ తక్కువ తక్కువ అందుతుంది. వెలుగు మసకబారుతుంది, బల్బు చల్లగా ఉంటుంది, తీగ వేడెక్కదు. “మసకైందంటే భయం లేదు బిడ్డా” అనేవాణ్ణి. కళ్లు చక్రాల్లా చేసి తల ఊపేది.

“చూడు పెద్దబాపు, గిది కొత్త సీరియల్. బల్బులే లేవు.”

తెల్లటి పట్టీ. దాని మీద ఆవగింజలంత లైట్లు, వెనక జిగురు. ఒక్కో రోలు అయిదు మీటర్లు. పన్నెండు వోల్టుల మీద నడుస్తుందట. ప్లగ్గుకూ పట్టీకీ మధ్య ఒక రేకు డబ్బా ఉంది, అడాప్టర్. దాని మీద ఇంగ్లీషు అంకెల కాగితం అతికించారు. చేతిలోకి తీసుకుంటే ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉంది.

“కంపెనీ ఏంది బిడ్డా?”

“పేరు లేదు. గదే అడిగితే దుకాణపాయన ఏమన్నడో ఎర్కేనా? ‘అక్కా, ఎలిగితే సాలదా, బారసాల గూడ చెయ్యాల్నా’ అన్నడు.”

ఇద్దరం నవ్వాం. నేనే ఎక్కువ నవ్వాను.

డిసెంబర్ 12, గురువారం

అలమరా దులిపాను. మూడు వందల పుస్తకాలు. దుకాణంలో గిరాకీ లేని మధ్యాహ్నాలు నన్ను చదువుకున్నవాణ్ణి చేశాయి. ప్రేమ్‌చంద్ జన్మలో చదివింది మీటరు రీడింగు.

డిసెంబర్ 20, శుక్రవారం

హెప్సిబా వచ్చింది. చర్చి అలంకరణ గురించి ఏదో అడిగింది. చెప్పాను.

చలి బాగా పెరిగింది.

డిసెంబర్ 22, ఆదివారం

చర్చిలో యేసు పుట్టిన పశువుల పాక బాగా కట్టారు. గోడలు థర్మోకోలు, పైన వరిగడ్డి, వెనక నీలం తెర. పాక చుట్టూ, తెర అంచుల వెంట కొత్త పట్టీ. రేకు డబ్బాను ఎవరికీ కనబడకుండా గడ్డి కింద పెట్టారు.

ఆరాధన అయ్యాక హెప్సిబా నా దగ్గరికి వచ్చింది. “మొదటి రోలు మంచిగనే ఉంది గని పెద్దబాపు, చివరి రోలు మసకగ ఎలుగుతుంది.”

“మసకైతే మంచిదే బిడ్డా” అన్నాను.

నాలుగడుగుల దూరంలో ప్రేమ్‌చంద్ ఉన్నాడు. “అరేయ్ సామేలు, జర ఆగు” అన్నాడు. నేను కర్ర తీసుకొని బయటికి నడిచాను.

డిసెంబర్ 23, సోమవారం

చర్చి కాలిపోయింది.

డిసెంబర్ 24, మంగళవారం

నిన్న రాయలేకపోయాను.

మధ్యాహ్నం మూడు గంటలు. నాలుగింటికి పిల్లలు పాటల కోసం రావాలి. వాళ్లు అప్పటికి రాలేదు, అదొక్కటే మేలు. ఫొటోలు తీయాలని అంతయ్య పొద్దున్నుంచీ లైట్లు వేసి ఉంచమన్నాడట. పొగ చూసి ఎదురింటి లింగవ్వ కేకలు పెట్టింది. జనం వెళ్లేసరికి మెయిన్ స్విచ్ ఆపేసి ఉంది. అంటే లోపలున్న ప్రేమ్‌చంద్ ముందు దాన్ని ఆపాడు, లైన్‌మన్ కదా. తర్వాత మంట అంటుకున్న తెరను చేతులతో గుంజాడు. తెరతో పాటు పాక మీద పడింది. ప్రేమ్‌చంద్‌ను ఆదిలాబాద్ దవాఖానకు తీసుకుపోయారు. చొక్కా జేబులో టెస్టరూ చిన్న కత్తెరా దొరికాయట.

అంతకు పావుగంట ముందు అతను మా ఇంటి ముందు నుంచే పోయాడు. గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడు ఆగింది. నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు. చప్పుడు ముందుకు పోయింది.

ఇవాళ వెళ్లి ఆ రేకు డబ్బా చూశాను. లోపలి తీగ వెంట్రుక మందం. పైన అతికించిన అంకెలో సగం కూడా మోయదు. పేరు లేని సరుకు అమ్మిన ఆ కరీంనగర్ దుకాణం వాణ్ణి జైల్లో వేయాలి. దాన్ని చేసినవాణ్ణి వేయాలి. గాలి ఆడకుండా గడ్డి కింద పెట్టినవాళ్లను అడగాలి. పొద్దంతా వేసి ఉంచమన్న అంతయ్యను అడగాలి.

ఇంకెవరున్నారు? ఇంకెవరూ లేరు.

డిసెంబర్ 25, బుధవారం

మొదటి బస్సుకు ఆదిలాబాద్ వెళ్లాను. ప్రేమ్‌చంద్ ముఖం బాగానే ఉంది. చేతులకు మోచేతుల పైదాకా కట్లు, ఛాతీకి కట్లు. కళ్లు తెరిచి నన్ను చూశాడు.

“సామేలు వచ్చిండా? ఎన్నో బస్సుకు వచ్చినవ్‌రా?”

“మొదటిదానికే.”

“నువ్వు ఎప్పటికి మొదటిదానికే వస్తవ్” అని నవ్వబోయాడు. దగ్గు వచ్చింది. నలభై ఐదేళ్లలో ఆ ఊసు ఎత్తడం అదే మొదలు.

హెప్సిబా మందుల కోసం కిందికి దిగింది. అతను ఆమె అడుగుల చప్పుడు పోయేదాకా ఆగాడు.

“గది సీరియల్ కాదురా. పేరొక్కటే సీరియల్. నీ సెట్ల అందరు ఒక్క రొట్టెను పంచుకుంటరు. గిండ్ల ఎవరి రొట్టె వానికి కావాలె. రోలు కలిపినకొద్ది డబ్బా మీద బరువు పెరుగుతది. చివరిది మసకైతుందంటే డబ్బా సస్తుందన్నట్టు.”

నేను స్టూలు మంచానికి దగ్గరగా లాక్కున్నాను.

“ఒక డబ్బాకు ఒక్కటే రోలు కట్టు బిడ్డా అని చెప్పిన. తలకాయ ఊపింది. మొన్న చూస్తే నాలుగున్నయ్. దానికి గా మాట ఎవడు చెప్పిండో నాకెర్క. ఊర్ల సీరియల్ పంతులు ఒక్కడే ఉండె.”

“ప్రేమ్‌చంద్...”

“మూడు రోళ్లు కత్తిరిద్దామనే పోయిన. జర ఆలస్యమైంది.” కాసేపు ఊపిరి తీసుకున్నాడు. “సామేలు, పోరిని ఎవ్వలు ఒక్క మాట అనకుంట చూడు. నాకు మాటియ్యి.”

“ఇచ్చిన” అన్నాను.

మాటకు చేతిలో చెయ్యి వేయాలి. అతని చేతులు వేసేటట్టు లేవు. మంచం కడ్డీ మీద నా చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది.

డిసెంబర్ 27, శుక్రవారం

పొద్దున ఆరింటికి ప్రేమ్‌చంద్ పోయాడు.

డిసెంబర్ 28, శనివారం

సమాధి చేశాం. పెట్టె మోస్తానని ముందుకు పోతే “నీ మోకాళ్లు ఆగయి తాతా” అని పక్కకు జరిపారు. హెప్సిబా ఏడవలేదు. మట్టి వేసేటప్పుడు తన అరచేతులు చూసుకుంటూ నిలబడింది. శాలువా పెట్టెలోనే పెట్టారు.

డిసెంబర్ 29, ఆదివారం

కాలిన చర్చి ముందు టెంటు వేసి ఆరాధన జరిపారు. తర్వాత సంఘం సభ. అంతయ్య లేచాడు.

“పోలీస్ స్టేషన్ల కాయితం ఇయ్యాలె. లైట్లు ఎవరు కట్టిండ్రు, ఎట్ల కట్టిండ్రు, గది రాయాలె గదా. అమ్మా హెప్సిబా, ఒక్క రోలే కట్టుమని మీ బాపు అందరి ముంగట చెప్పిండు. నాలుగు ఎందుకు కలిపినవ్?”

“కలిపిన.”

“కలిపినవ్, కనబడుతనే ఉన్నది. ఎవరన్న కలుపుమన్నరా?”

హెప్సిబా తల ఎత్తింది. టెంటు నిండా మనుషులున్నారు. ఆమె నా ఒక్కడి వైపే చూసింది. నేను కర్ర పిడి చూసుకున్నాను.

“ఎవ్వలు అనలే. నేనే కలిపిన.”

“కన్న బాపు మాట ఇననోళ్లు మంది పెళ్లిళ్లకు ఏం లైట్లు కడ్తరు?” అని వెనక నుంచి ఒకావిడ అంది. “సొంత బాపునే...” అని ఇంకొకావిడ మొదలుపెట్టి, పూర్తి చేయలేదు. అంత దాకా వచ్చిన మాటను ఆపితే మిగతాది అందరికీ వినబడుతుంది.

వచ్చే ఆదివారం కాగితం చదివి, పెద్దలంతా సంతకాలు పెట్టాలని తీర్మానించారు.

నేను లేవలేదు. మోకాళ్లు నొప్పి.

డిసెంబర్ 30, సోమవారం

మోకాళ్లు నొప్పి.

డిసెంబర్ 31, మంగళవారం

మోకాళ్లు బాగానే ఉన్నాయి.

జనవరి 1, 2025, బుధవారం

హెప్సిబా వచ్చింది. చేతిలో గుడ్డ మూట. విప్పి అరుగు మీద పెట్టింది. నేను ఆమె పెళ్లికి ఇచ్చిన కటింగ్ ప్లయర్. అందరూ గిన్నెలు ఇస్తే నేను అదిచ్చాను. ఎర్ర పిడి అరిగి ఇనుము కనబడుతోంది.

“నీది నీకే ఇస్తున్న పెద్దబాపు. నాకు ఇంక పనేం లేదు. మూడు పెండ్లిళ్లోళ్లు ఒద్దని ఫోన్ చేసిండ్రు.”

“కాయితం స్టేషన్‌కు పోతే కేసు అయితది బిడ్డా, ఎర్కేనా?”

“కానియ్యి.”

“నా పేరు ఎందుకు చెప్పలే?”

“చెప్తే బాపు లేచి వస్తడా?” అంది. మూటగుడ్డ మడుచుకుంటూ, “బాపు చెప్పిన మాట నేను ఇనలే. నీ మాట ఇన్న. ఇన్నది నేను గదా” అంది.

మెట్టు దిగి వెళ్లిపోయింది. అరిస్తే, తిడితే, నాకు తిరిగి అనడానికి ఏదో ఒకటి దొరికేది.

జనవరి 3, శుక్రవారం

సంతోషమ్మ అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. ఎప్పుడూ కూర్చోదు.

“గా దినం నేను వంటింట్లనే ఉన్న” అంది.

“ఏ దినం?”

“నాతోని ఆటలొద్దు. పోరి వచ్చి అడిగిన దినం. నీకు బాగ చదువొచ్చుగదా, బుక్కు రాస్తున్నవ్ గదా రోజు. గండ్ల రాసినవా గా మాట?”

అన్నం కలుపుతూ ఉండిపోయాను.

“రాయలే. నాకెర్క. వాళ్లు కప్పిన శాలువా నీకు కుత్తికెల ముల్లోలె గుచ్చుకున్నది. నీ కోపం దాని బాపు పానం తీసింది. ఇగ తిను.”

తినలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

డిసెంబర్ 20న హెప్సిబా ఏదో అడిగిందని రాశాను. ఏం అడిగిందంటే ఇది. “పెద్దబాపు, ఒక డబ్బాకు ఒక్కటే రోలు కట్టుమంటుండు బాపు. ఒక్కదాంతోని తెర దాక రాదు. నాలుగు కలిపితే ఏమన్నైతదా?”

నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు. బాపు అన్న మాట వినగానే నాకు మైకులో అంతయ్య గొంతు వినబడింది.

“మీ బాపు స్తంభాలెక్కినోడు. సీరియల్ గురించి వానికేం ఎర్క? ఎంత కలిపితే అంత చల్లగుంటది. కలుపు.”

“గిది గా సీరియలేనా పెద్దబాపు?”

“దాని పేరేంది?”

“సీరియలే అంటుండ్రు.”

“మరి?”

ఇంతే జరిగింది. అడాప్టర్ నా చేతికి వచ్చిన రోజు దాని మీద అంకె ఉంది. కళ్లద్దాలు జేబులోనే ఉన్నాయి. మూడు వందల పుస్తకాలు చదివిన నేను ఆ ఒక్క అంకె చదవలేదు. ఒక పట్టీ విప్పి తీగ ఎటు నుంచి ఎటు పోయిందో చూస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోయేది. చూడలేదు. పేరు విని తీర్పు చెప్పాను. ప్రేమ్‌చంద్ ఒక్కటే అన్నాడు గనుక నేను నాలుగు అన్నాను. అతను రెండు అని ఉంటే ఎనిమిది అనేవాణ్ణి.

జనవరి 5, ఆదివారం

అంతయ్య కాగితం చదివాడు. ‘అలంకరణ చేసిన శ్రీమతి హెప్సిబా నిర్లక్ష్యము వలన’ అని ఉంది. పెన్ను మూత తీసి మొదటి సంతకం నన్నే పెట్టమన్నాడు, వయసులో పెద్దవాణ్ణని.

లేచాను. “అంతయ్యా, పేరు తప్పు పడ్డది.”

“ఏం తప్పు తాతా? హెప్సిబాకు ఒత్తు ఉంటదా?”

ఒకరిద్దరు నవ్వారు.

“గా పేరే తప్పు. సామ్యూల్, వైర్‌మన్ అని రాయి. నాలుగు కలుపుమన్నది నేను. ‘మీ బాపుకేం ఎర్క’ అన్నది నేను. చివరిది మసకైతుందని పోరి మళ్ల వచ్చి అడిగితే మంచిదే అన్నది గూడ నేనే.”

ఎవరో అన్నారు, “మరి గిన్ని దినాలు నోట్ల ఏం పెట్టుకున్నవ్?”

“సిగ్గు లేదు. భయం ఉండె” అన్నాను.

అంతయ్య పెన్ను మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. “పొద్దంత లైట్లు ఏసి ఉంచుమన్నది నేను” అన్నాడు, కాగితం వైపు చూస్తూ. అతని నుంచి అది నేను అనుకోలేదు. హెప్సిబా పేరు కొట్టేసి నా పేరు రాశాడు. కింద తన మాట కూడా రాశాడు. నేను సంతకం పెట్టాను.

మంచం కడ్డీ మీద ఇచ్చిన మాట నిలబెట్టాను. వారం ఆలస్యంగా. ఆ వారంలో ఆమెను అనాల్సినవన్నీ అనేశారు.

తల తిప్పి చూస్తే హెప్సిబా కుర్చీ ఖాళీగా ఉంది. ఎప్పుడు లేచి పోయిందో తెలియదు.

జనవరి 6, సోమవారం

రేపు స్టేషన్‌కు రమ్మని కబురు వచ్చింది. సంతోషమ్మ చొక్కా ఇస్త్రీ చేయించింది.

మధ్యాహ్నం హెప్సిబా వచ్చింది. అరుగు కింద నిలబడింది, మెట్టు ఎక్కలేదు. “ప్లయర్ ఉన్నదా?” అంది. తెచ్చి ఇచ్చాను. పిడి తుడుచుకొని సంచిలో వేసుకుంది. పెద్దబాపు అనలేదు. ఇక అనదేమో. అది నేను అడగగలిగింది కాదు.

ఆమె వెళ్లిన దారి వైపే చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు ప్రేమ్‌చంద్ పోయిన దారి కూడా అదే.

చేసింది నేను. అది నా సంతకంతో కాగితం మీద ఉంది. రేపు ఎవరు అడిగినా అదే చెబుతాను. ఈ పుస్తకం మాత్రం నాది. ఇందులో ఇంకొక పేరు కూడా ఉంది, దాన్ని దాచను.

ఆ మధ్యాహ్నం చెప్పుల చప్పుడు మా గుమ్మం ముందు ఆగింది. తలుపు తీసే ఉంది. అతని జేబులో కత్తెర ఉంది. “సామేలూ, తప్పు చెప్పినవ్‌రా. లే, ఇద్దరం పోయి తీసేద్దాం” అంటే లేచేవాణ్ణి. తిట్టుకుంటూ లేచేవాణ్ణి, దారి పొడుగునా కొట్లాడేవాణ్ణి, కానీ పోయేవాణ్ణి. అతను స్విచ్ దగ్గర ఉంటే నేను తెర దగ్గర ఉండేవాణ్ణి. పిలవలేదు. ఇద్దరం పోదామని చేతిలో చెయ్యి వేసిన మనిషి, రెండోసారి కూడా నన్ను పిలవకుండా ఒక్కడే పోయాడు.

ప్రేమ్‌చంద్.